బస్టాండుకి ఒక స్టేజీ ముందు

మా ఆయన కబుర్లపుట్ట అన్న సంగతి పెళ్లయిన ఇన్నేళ్లకి నాకు పరాయివాళ్లు చెబితే తెలిసింది. ఇంట్లో ఆయన నోరు విప్పడమే తక్కువ. గుంట మగ్గంలోకి దిగి కూర్చున్నాక చేతులూ కాళ్లూ ఆడతాయి తప్ప నోరు ఆడదు. "కండెలు", "మంచినీళ్లు", "అన్నం పెట్టు". ఇంచుమించు ఈ మాటలతోనే సంసారం నెట్టుకొచ్చిన మహానుభావుడు. రాట్నం ముందు కూర్చుని ఆయనకి నూలు కండెలు చుట్టిస్తూ, ఆయన వంతు మాటలు కూడా నేనే మాట్లాడేదాన్ని. ఆ మగ్గం చప్పుడులో ఆయనకి ఎంత వినపడేదో, ఎంత వినపడనట్టు ఉండేవాడో నాకిప్పటికీ తెలియదు.

మాది చల్లపల్లి పక్కన చేనేత పల్లె. పిల్లలిద్దరికీ పెళ్లిళ్లయి ఎవరి సంసారాలు వాళ్లవి. ఇంట్లో మేమిద్దరం, మధ్యలో మగ్గం. మా చీరలూ, మా వీధిలో మరో రెండిళ్ల చీరలూ కలిపి ప్రతి గురువారం విజయవాడ వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్టుకి ఇచ్చి, నూలు తెచ్చుకోవడం ఆయన పని. గురువారం అంటే మా ఇంట్లో ఆయన రోజు. తెల్లారకముందే లేచి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కునేవాడు. చుట్టాల పెళ్లికి కూడా అంత శ్రద్ధగా తయారవని మనిషికి, కొట్టుకి చీరలు ఇచ్చి రావడానికి ఇంత సింగారం దేనికండీ అని నేను నవ్వేదాన్ని. ఆయన సంచులు లెక్కపెట్టుకుంటూ ఉండేవాడు.

ప్రయాణంలో డబ్బు మిగల్చడం ఆయనకి వచ్చిన రెండో విద్య. నేత వాళ్ల నాన్న నేర్పాడు, ఇది సొంతంగా పట్టుకున్నాడు. చల్లపల్లిదాకా ఆటో ఎక్కడు, నడకే. ఎక్స్‌ప్రెస్ వంక కన్నెత్తి చూడడు, పల్లెవెలుగే. చీరలన్నీ కలిపి పెద్ద మూట కడితే కండక్టరు కంట్లో పడి సామాను టికెట్టు కొడతాడని చేతిసంచుల్లో సర్దేవాడు. ఒకటి ఒళ్లో, ఒకటి కాళ్ల మధ్య, ఒకటి కిటికీ వారన. మంచినీళ్ల సీసా, పెరుగన్నం డబ్బా ఇంటి నుంచే.

అన్నిటికంటే ముఖ్యమైనది స్టేజీ. బస్సు ఛార్జీ స్టేజీల లెక్కన పెరుగుతుంది కదా, ఆయన విజయవాడ బస్టాండుదాకా ఎప్పుడూ టికెట్టు తీసుకోలేదు. బస్టాండుకి ఒక స్టేజీ ముందుదాకా తీసుకుని, అక్కడ దిగిపోయి, సంచులు భుజాలకి తగిలించుకుని రైలు కట్ట కిందుగా వన్‌టౌన్‌కి నడిచేవాడు. "బస్టాండులో దిగినా అక్కణ్ణుంచి నడవాల్సిందేగా. ఆ కాస్త దూరం ముందునుంచే నడిస్తే కాళ్లేమన్నా అరిగిపోతాయా?" అనేవాడు. కాళ్లు అరగలేదు గానీ చెప్పులు అరిగేవి. ఆ మాట అంటే లెక్క మళ్లీ మొదటికొస్తుందని నేను అనేదాన్ని కాదు.

ఈ విద్య ఊళ్లో అందరికీ పనికొచ్చేది. ఎవరికి ప్రయాణం పడినా మా అరుగు దగ్గర ఆగేవాళ్లు. మా వీధి చివర ఒకావిడ కూతుర్ని ఏలూరు ఇచ్చారు. "అన్నయ్యా, ఏలూరు ఎట్టా వెళ్తే తక్కువలో పోద్ది?" అని ఆవిడ ప్రయాణమైన ప్రతిసారీ అడిగేది. విజయవాడ మీదుగా చుట్టు తిరగొద్దనీ, గుడివాడ మీదుగా వెళ్లి హనుమాన్ జంక్షన్‌లో మారమనీ, జంక్షన్‌లో దిగిన చోటే నిలబడిపోకుండా ఏలూరు బస్సులు ఎటువైపు ఆగుతాయో కనుక్కోమనీ ఈయన చెప్పేవాడు. మగ్గం ఆపి మరీ చెప్పేవాడు. ఆవిడ మళ్లీ మళ్లీ అడిగినా విసుక్కునేవాడు కాదు. నేను ఏదైనా రెండోసారి అడిగితే మాత్రం విసుక్కునేవాడు.

ఆ విద్యలో ఒక నియమం నాకు తగులుకుంది. ఒక మనిషితో అయ్యే పనికి ఇద్దరు బస్సెక్కడం ఆయన దృష్టిలో శుద్ధ దండగ. అందుకని గురువారం ప్రయాణంలో నన్ను ఒక్కసారి కూడా వెంట తీసుకెళ్లలేదు. మా అక్క విజయవాడలోనే, భవానీపురంలో ఉంటుంది. దాన్ని చూడాలని ఉందంటే, "మీ అక్క బాగానే ఉందిగా, ఫోను చెయ్యి" అనేవాడు. పెళ్లిళ్లకీ, చావులకీ తప్ప నేను బస్సు ఎక్కింది లేదు. ఎక్కినప్పుడూ టికెట్టు పెళ్లికి ముందు మా నాన్న తీసేవాడు, తర్వాత ఈయన. కండక్టరు నా ముఖం చూసి డబ్బులకి చెయ్యి చాపిన రోజు లేదు.

ఇట్లా ఉండగా ఆడవాళ్లకి బస్సు ఉచితం అన్నారు.

టీవీలో ఆ వార్త వచ్చిన సాయంత్రం మా ఆయన మగ్గంలోంచి లేచి వచ్చి, అదే వార్త ఇంకో ఛానల్లో కూడా చెప్పేదాకా నిలబడి విన్నాడు. ఏ బస్సులకి, ఏ కార్డు చూపించాలి, ఎక్స్‌ప్రెస్‌కి ఉందా లేదా, అన్నీ విన్నాడు. అన్నం తింటున్నంతసేపూ ఆలోచిస్తూనే ఉన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి తేల్చేశాడు.

"ఇకనుంచి గురువారం నువ్వెళ్లు."

"నేనా?"

"నువ్వే. నీకు టికెట్టు లేదు. నేను వెళ్తే టికెట్టూ దండగ, ఆ రోజు మగ్గమూ ఆగిపోద్ది. నువ్వెళ్తే రెండూ కలిసొస్తాయి. ముందురోజే కండెలు చుట్టి పెట్టావంటే నా పని నేను చేసుకుంటా."

పెళ్లయినప్పట్నుంచీ ఆయన నాతో ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలేమో. లెక్కలో తప్పు పట్టడానికి వీల్లేదు. ఆ లెక్కతో ఆయన తనని తనే బస్సులోంచి దింపేసుకుంటున్నాడని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. నాకైతే లోపల పండగ్గా ఉంది. వారం వారం అక్కని చూడొచ్చు, ఇంకేం కావాలి?

మొదటి గురువారం నన్ను పరీక్షకి పంపుతున్నట్టు తయారుచేశాడు. సంచులు ఎలా పెట్టుకోవాలో చూపించాడు. కొట్టువాళ్లు ధర దగ్గర ఏమంటారో, దానికి నేనేమనాలో చెప్పాడు. చల్లపల్లిదాకా సంచులు తానే మోసుకొచ్చాడు. అక్కడ పల్లెవెలుగూ ఎక్స్‌ప్రెస్సూ పక్కపక్కనే ఆగి ఉన్నాయి.

"రెండూ ఉచితమేగా, ఎక్స్‌ప్రెస్ ఎక్కుతానండీ" అన్నాను.

"అలవాటు చెడగొట్టుకోకు. రేపెప్పుడైనా తీసేస్తే?" అని నన్ను పల్లెవెలుగు ఎక్కించాడు.

బస్సు నిండా ఆడవాళ్లే. ఆసుపత్రికి వెళ్లేవాళ్లు, పుట్టింటికి వెళ్లేవాళ్లు, ఊరికే విజయవాడ చూసొద్దామని బయల్దేరినవాళ్లు. కండక్టరు వచ్చి "ఆధార్ చూపించండమ్మా, ఎక్కడిదాకా?" అన్నాడు. ఆయన చెప్పి పంపిన పేరే చెప్పాను, బస్టాండుకి ఒక స్టేజీ ముందు. జీరో టికెట్టు కొట్టి చేతిలో పెట్టాడు. ఆ చోటు రాగానే బుద్ధిగా దిగాను. మూడు సంచులు తగిలించుకుని ఎండలో నడక మొదలుపెట్టాను. సిగ్నల్ దగ్గర ఆగిన అదే బస్సు కాసేపటికి నా పక్కనుంచే బస్టాండుకి వెళ్లిపోయింది. నేను కూర్చున్న సీటు ఇంకా ఖాళీగానే ఉంది. అప్పుడు వెలిగింది నాకు. ఈ నడకతో నేను మిగిల్చింది ఏమీ లేదు. నా తెలివికి నాకే నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి, భుజాలు అలా లాగేస్తున్నాయి మరి.

కొట్టు పని చూసుకుని సిటీ బస్సులో భవానీపురం వెళ్లి అక్కకి చెబితే అది మంచం మీద పడి పడి నవ్వింది. "ఒసేయ్, ఉచితంగా ఎక్కిన బస్సులో కూడా మిగల్చాలని చూశావంటే నువ్వు ఆయనకి తగ్గ పెళ్లానివే!" అంది. బావ ఆఫీసు నుంచి రాగానే మళ్లీ చెప్పి మళ్లీ నవ్వింది.

ఇంటికొచ్చి ఆయనకీ చెప్పాను, ఆయన కూడా నవ్వుతాడని. నవ్వలేదు. "నిజమే. నీకు స్టేజీతో పని లేదు" అన్నాడు. మగ్గంలోకి దిగిపోయాడు. ఆ మాట ఆయన అన్న తీరుని నేను అప్పుడు పట్టించుకోలేదు.

రెండో వారం నుంచి నాకు రెక్కలొచ్చాయి. ఎక్స్‌ప్రెస్ ఎక్కేదాన్ని, ఆయనకి చెప్పేదాన్ని కాదు. దర్జాగా బస్టాండులో దిగి, వన్‌టౌన్‌కి కూడా సిటీ బస్సులోనే వెళ్లేదాన్ని. అక్కతో కూర్చుని అన్నం తిని, మా అమ్మ పోయాక మేమిద్దరం చెప్పుకోకుండా దాచుకున్న కబుర్లన్నీ చెప్పుకున్నాం. ఫోనులో చెప్పుకోలేనివి కొన్ని ఉంటాయి, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే గానీ బయటికి రానివి. గురువారం ఎప్పుడొస్తుందా అని నేను ఎదురుచూడటం మొదలుపెట్టాను. ఇస్త్రీ చీర కట్టుకోవడం కూడా.

ఒకటే చికాకు. ఎక్కడికి వెళ్లినా మా ఆయన గురించే అడిగేవాళ్లు. కొట్టు యజమాని పెద్దాయన, నెమ్మదైన మనిషి. మొదట్లో "ఆయన రాలేదేమ్మా, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు. బాగానే ఉందన్నా నమ్మినట్టు లేదు, మళ్లీ మళ్లీ అడిగాడు. ఒకరోజు నూలు కట్టలు నా ముందు పెట్టిస్తూ, "ఆయన లేక కొట్టు బోసిపోయిందమ్మా. నువ్వు చీరలు ఇస్తావు, నూలు తీసుకుంటావు, వెళ్లిపోతావు. ఆయనైతే కూర్చుంటే గంట తెలిసేది కాదు" అన్నాడు.

"ఎవరండీ, మా ఆయనా?"

"ఇంకెవరమ్మా! ఆ బల్ల మీద కూర్చుని, కొనడానికి వచ్చినవాళ్లకి కూడా ఎట్టా తిరిగి వెళ్తే తక్కువలో పోతుందో చెప్పి పంపేవాడు. తెనాలివాళ్లకి తెనాలి దారి, భీమవరం వాళ్లకి భీమవరం దారి. నవ్వలేక చచ్చేవాళ్లం. మాటల్లో పెట్టి మా చేత రెండు టీలు ఇప్పించుకోందే లేచేవాడు కాదు."

ఇంట్లో టీ ఇస్తే కప్పు ఎక్కడ పెట్టానో కూడా చూడని మనిషి. అక్కడ టీలు తాగుతూ నవ్వించేవాడట. ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే మనసులో కలుక్కుమంది.

తిరుగు ప్రయాణంలో ఒకసారి పల్లెవెలుగు ఎక్కాల్సి వచ్చింది. ఆ కండక్టరు నా సంచులు గుర్తుపట్టాడు. "ఈ సంచులు మా బాబాయివి కదా? మీరు పిన్నిగారా?" అన్నాడు. "సామాను టికెట్టు కొడదామని లేచేలోపు ఏదో ఒక కథ ఎత్తుకునేవాడండీ. అది పూర్తయ్యేసరికి ఉయ్యూరు దాటిపోయేది. ఏమయ్యాడు మనిషి, కనపడటమే మానేశాడు?" ఇంట్లోనే ఉన్నాడని చెప్పాను. ఇంట్లోనే ఉన్నాడని చెప్పడం ఎందుకో తప్పు చేసినట్టు అనిపించింది.

ఇంటికొచ్చేసరికి ఆయన అరుగు మీద కూర్చుని ఉండేవాడు. చీరలకి ధర ఎంత వచ్చిందో అడిగేవాడు కాదు. "ఏ బస్సు దొరికింది? పామర్రులో ఎంతసేపు ఆపాడు? ఉయ్యూరులో చెరుకు ట్రాక్టర్లు అడ్డం వచ్చాయా? కంకిపాడు దగ్గర రోడ్డు పని అయిందా?" ఇవీ ప్రశ్నలు. నాకు ఒళ్లు మండేది. ఎక్స్‌ప్రెస్ ఎక్కిన సంగతి బయటపెట్టించడానికే తనిఖీ చేస్తున్నాడనుకున్నాను.

"బస్సు నేను నడపలేదండీ, ఊరికే కూర్చుని వచ్చాను" అన్నాను ఒకరోజు విసురుగా.

ఆయన లేచి దీపం వేసి, లోపలికి వెళ్లిపోయాడు.

తర్వాత కొద్ది రోజులకి, ఒక పొద్దున నేను కండెలు చుడుతున్నాను. ఏలూరు కూతురున్న ఆవిడ సంచీ పట్టుకుని మా ఇంటి ముందునుంచి వెళ్తోంది. మగ్గంలోంచి ఈయన చూశాడు. ఆవిడ ఆగుతుందనుకున్నాడు. ఆగకపోయేసరికి తానే పిలిచాడు.

"ఏమ్మా, ఏలూరేనా? జంక్షన్‌లో మారుతున్నావుగా?"

"లేదన్నయ్యా, విజయవాడ మీదుగానే పోతున్నా. ఇప్పుడు ఎట్టా పోయినా ఒకటేగా!" అని ఆవిడ నవ్వి వెళ్లిపోయింది. ఆవిడ నవ్వులో ఏ చెడ్డా లేదు.

దారి చెప్పడానికి సగం లేచినవాడు పోగు నడిపే నాడె చేత్తో పట్టుకుని అలాగే కాసేపు నిలబడ్డాడు. తర్వాత కూర్చుని నేత మొదలుపెట్టాడు. ఆ ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది. కండె చుట్టడం ఆపి వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను కూడా.

నేను ఉచిత బస్సుని ఒక్క మాట అనను. మా వీధి ఆడవాళ్లకి దానివల్ల కాళ్లొచ్చాయి, వాళ్లలో నేను ముందున్నాను. కానీ మా ఆయన ఏళ్ల తరబడి పట్టుకున్న విద్య ఒక్క పూటలో ఎవరికీ అక్కర్లేనిది అయిపోయింది. అరుగు దగ్గర ఆగే మనుషులు పోయారు, గురువారం పోయింది, ఆ కొట్టులో బల్ల పోయింది. పామర్రు గురించీ ఉయ్యూరు గురించీ నన్ను అడిగింది తనిఖీ కోసం కాదని అప్పుడు అర్థమైంది. నా నోటితో అయినా సరే ఆ దారిలో ఒకసారి వెళ్లొద్దామని అడిగాడు. నేనేమో ఆ కాస్త కూడా చెప్పకుండా కసురుకున్నాను. ఇంకో సంగతి కూడా అప్పుడే కంటికి ఆనింది. గురువారం పొద్దున గడ్డం గీసుకోవడం ఆయన మానలేదు. గీసుకుని, బనీనుతో వెళ్లి మగ్గంలో కూర్చుంటున్నాడు.

"ఈ వారం మీరెళ్లండి" అన్నాను.

"దేనికి? టికెట్టు దండగ."

"పోనీలెండి, ఒక్కసారికి."

"ఒక్కసారికైనా దండగ దండగే. మగ్గం ఆగదా మరి?"

ఆయన ఒప్పుకోనందుకు బాధపడ్డాను. ఆయన ఒప్పుకుంటే అక్కని చూడటం పోతుందన్న బెంగ కూడా నాలో ఉంది, అది దాచను. ఒక్క ప్రయాణం, ఇద్దరు మనుషులు. ఆయన వెళ్తే నేను ఉండాలి, నేను వెళ్తే ఆయన ఉండాలి. ఇదెలా తెగుతుందో నాకు తెలియలేదు.

అక్క దగ్గర చెప్పుకుంటే అది పచ్చడి కలుపుకుంటూ తేలిగ్గా అంది, "ఇద్దరూ రండే."

"ఆయన టికెట్టు?"

"ఇదివరకు ఆయన ఒక్కడే వచ్చినప్పుడు ఒక టికెట్టు అయ్యేదా? ఇప్పుడు ఇద్దరొస్తే ఎన్ని? అదే ఒక్కటి. నీ మొగుడికి అర్థమయ్యే భాష అదేగా, ఆ భాషలోనే చెప్పు."

మా నేతవాళ్లు అమావాస్యనాడు మగ్గం ముట్టరు. కాబట్టి మగ్గం ఆగిపోద్దన్న వాదన ఆ రోజు చెల్లదు. అమావాస్యకి రెండు రోజుల ముందు, ఆయన అన్నం తింటున్నప్పుడు కదిపాను. కొట్టాయనతో మాట్లాడాననీ, ఈ వారం చీరలు అమావాస్యనాడు తెస్తామన్నాననీ, అక్క ఇద్దర్నీ భోజనానికి పిలిచిందనీ చెప్పాను.

"అమావాస్యపూట ప్రయాణమేంటి?" అన్నాడు.

"మనం పెళ్లిచూపులకి వెళ్తున్నామా ఏంటి? వారం వారం చేసే పనేగా. ఇంకోటి చూడండి. ఇద్దరి ప్రయాణం, టికెట్టు మాత్రం ఒక్కటే. అంటే మనిషికి సగం పడింది. ఇంత తక్కువలో మీరెప్పుడైనా విజయవాడ వెళ్లారా?"

ముద్ద నోట్లో పెట్టుకోకుండా నా వంక చూశాడు. లెక్కలో తప్పు ఎక్కడుందా అని వెతుకుతున్నాడని తెలుస్తూనే ఉంది. దొరకలేదు. "మరి భవానీపురానికి సిటీ బస్సు? అందులో నాకు మళ్లీ టికెట్టేగా?" అన్నాడు.

"అందులో తక్కువ ఎట్టా అవుద్దో మీరే చూడండి. నాకేం తెలుసు ఆ స్టేజీలూ అవీ."

అంతే. అన్నం పళ్లెంలో ఎండిపోతుంటే మొదలుపెట్టాడు. కొట్టు నుంచి ఏ వీధిలో నడిస్తే ఏ స్టాపు దగ్గరపడుతుందో, ఎక్కడ ఎక్కితే కనీస ఛార్జీలో సరిపోతుందో. ఎంగిలి చేత్తో గాలిలో దారులు గీసి చూపించాడు. నేను అన్నిటికీ ఊ కొట్టాను. మా ఇంట్లో ఊ కొట్టే పని నాకు రావడం కొత్త.

అమావాస్యనాడు ఇస్త్రీ చొక్కా బయటికొచ్చింది. సంచులు చెరో పక్కా మోసుకుంటూ చల్లపల్లికి నడిచాం. ఎక్స్‌ప్రెస్ కదలడానికి సిద్ధంగా ఉంది. ఆయన దాన్ని దాటి పల్లెవెలుగు వైపు వెళ్లాడు. నేను మారుమాట్లాడకుండా వెనకే వెళ్లి, కిటికీ పక్క సీటు ఆయనకి వదిలాను. నా దగ్గర పక్కిళ్లకి కండెలు చుట్టిన డబ్బులు కొన్ని ఉన్నాయి. ఎక్కకముందే తీసి గుప్పిట్లో పెట్టుకున్నాను.

కండక్టరు అప్పుడు నా సంచులు గుర్తుపట్టిన మనిషే. "వచ్చావా బాబాయ్! ఎన్నాళ్లకి!" అని గట్టిగా అన్నాడు. ముందు సీటులో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. ఆయన చెయ్యి జేబులోకి వెళ్లేలోపే నా గుప్పిట విప్పాను.

"ఒకటి జీరో, బస్టాండుకి. ఒకటి ఫుల్..."

"నాకు ఒక స్టేజీ ముందుకి" అని ఆయన అందుకున్నాడు.

కండక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "అదేంటి బాబాయ్, పిన్నిగారు బస్టాండులో, నువ్వు రోడ్డు మీదా?"

"ఆవిడకి ఎటూ ఉచితం. బస్టాండులో దిగి నీడపట్టున కూర్చుంటుంది. నేను నడిచొచ్చి కలుస్తా. ఆ కాస్త దూరానికి ఎందుకయ్యా దండగ?" అన్నాడు మా ఆయన. వేళాకోళానికి కాదు, నిజంగానే అదీ ఆయన ఏర్పాటు. నా బాగు కోసమే ఆలోచించి చేసిన ఏర్పాటు.

కండక్టరు నా చేతిలోంచి డబ్బులు తీసుకుని రెండు టికెట్లు నా చేతికే ఇచ్చాడు. నా టికెట్టు ఒకప్పుడు మా నాన్న తీశాడు, తర్వాత మా ఆయన తీశాడు, ఇప్పుడు సర్కారువాళ్లు తీస్తున్నారు. నా చేత్తో నేను తీసిన మొదటి టికెట్టు మా ఆయనది. ఆయన దాన్ని తీసుకుని, ఛార్జీ సరిగ్గా పడిందో లేదో చూసుకుని, జేబులో పెట్టుకున్నాడు. డబ్బులు ఎవరివని అడగలేదు.

కూచిపూడి దాటకముందే ముందు సీటువాళ్లతో కబుర్లు మొదలయ్యాయి. వాళ్లు గుడివాడ వెళ్లాలట. పామర్రులో ఎక్కడ నిలబడితే గుడివాడ బస్సు ముందు దొరుకుతుందో చెప్పాడు. వాళ్లు దిగాక వెనక సీటువాళ్లు దొరికారు. వాళ్లలో ఒకాయన పగలబడి నవ్వాడు. దేనికి నవ్వాడో నాకు వినపడలేదు. నేను పక్కనే కూర్చుని ఈ మనిషిని చూస్తున్నాను. ఉయ్యూరు దాటింది, కంకిపాడు దాటింది, నాతో ఒక్క మాట లేదు. కోపం వచ్చి ఉండాల్సింది, రాలేదు. ఆయన మొహం వెలిగిపోతోంది, దాన్ని చూడటం నాకు చాలనిపించింది.

ఆయన స్టేజీ వచ్చింది. లేచి మూడు సంచులూ తగిలించుకున్నాడు. "నువ్వు లేవకు, నీకు బస్టాండుదాకా ఉందిగా. లోపల నీడన కూర్చో" అని చెప్పి దిగిపోయాడు. కండక్టరు విజిల్ వెయ్యబోయాడు. నేను లేచి, "ఉండు బాబూ" అని దిగాను.

ఆయన వెనక్కి తిరిగి చూసి నిర్ఘాంతపోయాడు. "ఎందుకు దిగావే? నీకు ఉచితమేగా!"

"ఉచితమేలెండి" అని ఆయన భుజం మీంచి ఒక సంచీ తీసుకున్నాను.

"నడిచి నువ్వు మిగిల్చేదేముంది? ఎండగా ఉంది కూడా" అని చిరాకుపడుతూనే రోడ్డు వారకి నన్ను జరిపి, తాను బస్సుల వైపు నడిచాడు. సిగ్నల్ దగ్గర ఆగిన మా బస్సు కాసేపటికి మా పక్కనుంచి వెళ్లిపోయింది. కిటికీలోంచి రెండు ఖాళీ సీట్లు కనపడ్డాయి.

నాలుగు అడుగులు వేశాక ఆయన ఎదురుగా ఉన్న కొట్టు చూపించి, ఒకప్పుడు వానలో ఆ చూరు కింద చీరల సంచులు గుండెలకి హత్తుకుని నిలబడ్డ సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ వాన కథలోంచి ఆ కొట్టువాడి కథలోకి వెళ్లాడు, అందులోంచి ఇంకో దాంట్లోకి. చుట్టూ చూశాను, మా పక్కన ఇంకెవరూ లేరు. ఆయన చెబుతున్నది నాతోనే. రైలు కట్ట కిందికి వచ్చేసరికి పైన రైలు వెళ్తోంది, మగ్గం చప్పుడు దాని ముందు ఎంత! ఆయన ఆగిపోయి, రైలు మొత్తం దాటేదాకా నా ముఖం చూస్తూ నిలబడ్డాడు. చప్పుడు సద్దుమణిగాక, "ఎక్కడున్నాను?" అని నన్నడిగి, అక్కణ్ణుంచి మళ్లీ అందుకున్నాడు.